ఊగే డబ్బాలో సూదిమొన

డాక్టర్ జ్ఞానప్రసూన సూదిని తిరిగి పళ్ళెంలో పెట్టేసింది.

"నా వల్ల కాదు యర్రయ్యగారూ. ఈ డబ్బా ఊగుతోంది."

యర్రయ్య గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ మాట విని కంగారుగా ఒక అడుగు లోపలికి వేశాడు. ఆ ఒక్క అడుగుకే డబ్బా ఒకసారి అటూ ఒకసారి ఇటూ వాలి, చివర్లో సన్నగా వణికి ఆగింది. పళ్ళెంలో సూది అంచుకి తగిలి టింగుమంది.

"చూశారా?" అంది ఆమె. గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

ఆమె ఎదురుగా కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చున్నవాడు సింహాద్రి. యర్రయ్యకి సొంత చెల్లెలి కొడుకు. భిలాయి పక్కన కార్ఖానాల వాడ హథ్‌ఖోజ్‌లో రామమోహనరావు షెడ్డులో గ్రైండర్ పట్టుకుని ఇనుము అరగదీసే పని. ఎడమ కన్ను ఇదివరకే పోయింది. నల్లగుడ్డు మీద ఉడికిన చేపకంటిలాంటి తెల్లపొర మిగిలింది. ఆ కన్ను పోయినప్పుడు ఇంకోటుంది కదా అన్నారందరూ. ఇప్పుడు ఆ ఇంకో దాంట్లో పడింది ఇనపరవ్వ. పడ్డాక కూడా చీర కొంగుతో తుడిపించుకుని, తల్లిపాలు వేయించుకుని, రోజూ పనిలోకే పోయాడు. పోకపోతే హాజిరీ పడదు. హాజిరీ పడకపోతే ఆ గ్రైండర్ ఇంకొకడి చేతిలోకి పోతుంది. ఈలోగా రవ్వ చుట్టూ తుప్పు పట్టింది. పుండు మొదలవుతోందని డాక్టరమ్మ అద్దాల దీపంలో చూసి చెప్పింది. ఇవాళ తియ్యకపోతే ఈ కన్నూ దక్కదు.

"రాయపూర్ తీసుకెళ్ళొచ్చు. కానీ పెద్దాసుపత్రిలో వరస దొరికి, చీటీ రాసి, మంచం ఇచ్చేదాకా పుండు ఆగదు" అంది జ్ఞానప్రసూన. "మందు చుక్కలు వేశాను, కన్ను మొద్దుబారింది. ఇప్పుడే తీసెయ్యాలి. కానీ నల్లగుడ్డు మందం ఎంతుంటుందనుకున్నారు? మూడు పొరల ఉల్లితొక్కంత. నా చెయ్యీ ఇతని తలా ఒకేలా ఊగవు. ఎవరైనా మెట్టు మీద కాలు పెట్టారంటే సూది అవతలికి పోతుంది."

"బయట కూకోబెట్టి తీసీయలేరేటమ్మా?"

ఆమె కిటికీ వైపు చూపించింది. హథ్‌ఖోజ్ గాలికి రంగుంది. ఫౌండ్రీల బూడిద, గ్రైండర్ల పొడి, లారీలు రేపే నల్లమట్టి కలిసిన రంగు. మిషన్లు ఆగిన రోజున కూడా రేకుల కప్పుల మీంచి ఆ పొడి రాలుతూనే ఉంటుంది. అందులో కన్ను తెరిచి పెడితే ఒక రవ్వ తీసి పది రవ్వలు వేసినట్టే.

సింహాద్రి కదలకుండానే అన్నాడు: "మావా, నువ్వు కట్టిన లోడు కదల్దని ఊరంతా చెప్పుకుంతావు కదేటి."

యర్రయ్యకి ఆ మాట సూదికన్నా ముందు దిగింది.

ఎందుకంటే ఆ డబ్బాని నిలబెట్టింది అతనే.

ఎప్పుడో ఏదో మిల్లు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు వెంట తెచ్చుకున్న బండి ఇల్లు అది. కారు వెనక తగిలించుకుని ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కుపోయి, నిలిపి, అందులోనే వండుకుని పడుకునే రకం. మధ్యలో రెండు చక్రాలు, ముందు తగిలించే ముక్కు, నాలుగు మూలలా మడిచిపెట్టుకునే సన్నటి ఇనప కాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోయాక ఎండకీ వానకీ పడుంది. చివరికి తుక్కు కింద అమ్మేస్తే కాంట్రాక్టు కూలీల సంఘం తెచ్చుకుంది. పొయ్యి పీకేసి, పడక తీసేసి, మడతబల్ల మీద కంటిని పెద్దది చేసి చూపించే అద్దాల దీపం బిగించి, కంటి ఆసుపత్రి చేసుకుంది. పర్మనెంటు వాళ్ళకి కార్డులున్నాయి, కార్డులకి ఆసుపత్రులున్నాయి. ఇనుము కరిగేది ఒకచోటే అయినా, ఆ ఇనుముని అరగదీసే కాంట్రాక్టు వాడికి కార్డు లేదు. అతని కోసం ఈ డబ్బా.

దాన్ని సరిగ్గా విశ్వకర్మ పూజ నాటికి హథ్‌ఖోజ్‌కి తెప్పించడంలో ఒక లెక్క ఉంది. ఏడాది పొడుగునా షెడ్లన్నీ కలిసి మూతపడేది ఆ ఒక్క రోజే. పనిముట్లకి సెలవు కాబట్టి వాటిని పట్టుకునే చేతులకీ సెలవు. తొంభై నాలుగు సెప్టెంబరులో ఆ రోజు పొద్దున్నే ఎర్రబడ్డ కళ్ళతో, గుడ్డ కట్టిన కళ్ళతో, నీరు కారే కళ్ళతో గ్రైండర్ వాళ్ళు డబ్బా ముందు వరసగా కూర్చున్నారు. అందరికన్నా ముందు సింహాద్రి.

యర్రయ్య ఖలాసీ. అంటే బరువులెత్తి నిలబెట్టేవాడు. పాలకొండ వైపు నుంచి మీసం రాని వయసులో భిలాయి వచ్చాడు. గొలుసులు, తాళ్ళు, జాకీలు, రైలుపట్టాల కింద వేసే స్లీపరు దుంగలు, వీటితో ఉక్కు ప్లాంటులో ఎన్ని మోటు బరువులు లేపి కూర్చోబెట్టాడో చెప్పమంటే పొద్దుగూకుతుంది. రిటైరై సెక్టర్ 2లో క్వార్టరు ఖాళీ చేశాక కూర్చుని తినే యోగం లేక రామమోహనరావు షెడ్డులో చేరాడు. వాళ్ళ గురువు నేర్పిన ఒక సూత్రాన్ని అతను దేవుడి మాటలా పట్టుకున్నాడు: రబ్బరు మీద బరువుని నమ్మకు. టైరు నొక్కుకుపోతుంది, గాలి దిగుతుంది, జారుతుంది. బరువు నిలవాలంటే రబ్బరుని నేల వదిలించు.

నిన్న సాయంత్రం అదే చేశాడు. డబ్బాని జాకీతో పైకి లేపాడు. నాలుగు మూలల కాళ్ళూ దించి, వాటి కింద స్లీపరు ముక్కలు దొంతర్లు పేర్చి, బరువంతా కాళ్ళ మీదకి తెచ్చాడు. చక్రాలు నేలకి జానెడెత్తున వేలాడుతుంటే చుట్టూ ఒకసారి తిరిగి, అరచేత్తో చరిచి, బీడీ ముట్టించాడు. తర్వాత వాన పడింది.

ఇప్పుడు అతను దిగి డబ్బా కింద వంగి చూస్తున్నాడు. మెట్టు పక్కన అప్పలనర్సమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆమె అతని భార్య. డబ్బా తుడిచి, నీళ్ళు పెట్టి, వరస చూసుకునే పని పెట్టుకుంది.

"ఉయ్యాలేటి కట్టినావయ్యా? గుంటల్ని తొంగోబెట్టి జోకొట్టీడానికి బాగుంతాది."

"నోరు ముయ్యే. దుంగ కుంగింది. ఆ మూల ఇంకో చెక్క దోపితే సరిపోద్ది."

దోపాడు. రాతితో కొట్టి మరీ బిగించాడు. "ఎక్కు" అన్నాడు. ఆమె ఎక్కి లోపల నడిచింది. డబ్బా ఇంకా ఎక్కువ ఊగింది. ఒక మూల బిగిస్తే ఎదురు మూల వదులవుతోంది, మూడు కాళ్ళ మంచంలా. ఇంకో మూల చెక్క దోపాడు. మళ్ళీ ఎక్కమన్నాడు. లోపల్నుంచి జ్ఞానప్రసూన "ఇప్పుడు పక్కకి కూడా పోతోంది" అని చెప్పింది.

అప్పలనర్సమ్మ దిగి వచ్చి అతని పక్కనే బురదలో గొంతుక్కూర్చుంది. గొంతు తగ్గించింది.

"నానొక మాట చెప్తాను, ఇరుసుకుపడకు. నిన్న ట్రాక్టరోడు వొగ్గీసి ఎలిపోనాక నానెక్కి తుడిసినాను కదా. అప్పుడు ఇంత లేదు. కొద్దిగా గెంతింది గాని, ఇలగ తూగలేదు. నువ్వు కాళ్ళ మీదకి ఎత్తీసినాకే దీనికి దెయ్యం పట్టింది."

"రబ్బరు మీద..."

"రబ్బరు, రబ్బరు. ఆ కాళ్ళు సూడు. నా చెయ్యంత లేవు. ఆల్లు నిలబెట్టడానికి పెట్టినారా, ఆనుకోడానికి పెట్టినారా?"

యర్రయ్య డబ్బా కిందకి వెల్లకిలా దూరాడు. కాలు మొదట్లో ఉన్న మడతబందు మీద అరచెయ్యి ఆన్చి "నడువు" అన్నాడు. పైన ఆమె నడిచింది. బందు దగ్గర ఇనుము అటూ ఇటూ ఆడటం అతని చేతికి స్పష్టంగా తెలిసింది. మడిచే కాలు. మడత ఉన్నచోట ఆట ఉంటుంది. డబ్బా బరువంతా ఆ నాలుగు ఆటల మీద కూర్చుంది. పక్కనే వేలాడుతున్న చక్రాల వైపు తలతిప్పి చూశాడు. మందపాటి ఇరుసు, కమాను పట్టీలు. మొయ్యడానికి పుట్టింది అది. దాన్ని గాల్లో వేలాడదీసి, తోడుగా ఉండాల్సిన వాటి నెత్తిన మోత పెట్టాడు.

యంత్రమనుకుని కట్టాడు. ఇది బండి.

కిటికీలోంచి జ్ఞానప్రసూన తల బయటికి పెట్టింది. "యర్రయ్యగారూ, నేనూ ఒకటి గమనించాను. ఈ వెనక కొసలో కూర్చుంటే కడుపులో తిప్పుతోంది. మధ్యలో, చక్రాల మీదకి వస్తే అంత తెలియట్లేదు. బల్లా కుర్చీ అక్కడికి జరుపుకుంటాను. మిగతాది మీరు చూడండి. కానీ చుక్కల మందు ఎంతోసేపు ఉండదు. మళ్ళీ మళ్ళీ వెయ్యకూడదు, పుండున్న కన్ను."

మిగతాది అంటే చక్రాల్ని నేలకి దించడం. దించాలంటే ముందు డబ్బాని కొద్దిగా లేపి కాళ్ళ కింద దుంగలు తియ్యాలి. లేపాలంటే జాకీ కావాలి.

జాకీ విశ్వకర్మ ముందుంది.

హథ్‌ఖోజ్‌లో ఆ రోజు ఒక్క పానా కూడా ఖాళీగా దొరకదు. లారీలు, ట్రాక్టర్లు సైతం బంతిపూల దండలు వేసుకుని కదలకుండా నిలబడతాయి. పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దున దాకా ఎవరూ తాకరు. యర్రయ్య తన సొంత జాకీని తెల్లారే కడిగి, నూనె రాసి, బొట్టు పెట్టి, రామమోహనరావు షెడ్డు ముందర పందిట్లో తన చేతులతోనే పెట్టి వచ్చాడు.

దిగి వచ్చి కిందకి వంగిన అప్పలనర్సమ్మకి అతని మొహం చూడగానే సంగతి అర్థమైంది. చినబాబు సంగతి ఆమెకి తెలుసు.

చినబాబు యర్రయ్యతో పాటు ఒకే రైల్లో ఊరొదిలి వచ్చినవాడు. ప్లాంటులో పర్మనెంటు కాకముందు ఇద్దరూ కాంట్రాక్టు పట్టే ఒక ఠేకేదారు కింద దుర్గ్ అవతల వంతెన పనికి పోయారు. విశ్వకర్మ పూజ నాడే పని పెట్టాడు ఠేకేదారు. దూలం సగం ఎత్తుకు లేచాక వైరుతాడు తెగింది. కింద చినబాబు ఉన్నాడు. పూజ నాడు గొలుసు తాకారు కాబట్టి దేవుడు కోపించాడని అందరూ అన్నారు. ఠేకేదారు పెద్ద పూజ చేయించి మేకని కొట్టించాడు. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ రోజున యర్రయ్య కత్తిపీట కూడా ముట్టుకోలేదు.

డబ్బా కింద బురదలో పడుకుని అతను ఇప్పుడు ఆ వైరుతాడుని చూస్తున్నాడు. తెగడానికి ముందు వారమంతా అది చేతులకి గుచ్చుకునేది. పోగులు పోగులుగా విడిపోయి ముళ్ళలా లేచి ఉండేది. చినబాబే ఠేకేదారుకి చూపించాడు. "ఈ ఒక్క దూలం ఎక్కించెయ్యండి, కొత్తది తెప్పిస్తా" అన్నాడు వాడు. యర్రయ్య అప్పుడు అక్కడే ఉన్నాడు, విన్నాడు. దేవుడి కోపం అనేసరికి ఆ మాట అందరి నోళ్ళలోంచీ పోయింది. అతని నోట్లోంచీ పోయింది.

పైకి లేచి ఒళ్ళు దులుపుకోకుండానే నడిచాడు.

పందిట్లో మైకు పాడుతోంది. పంతులు వెళ్ళిపోయాడు. రామమోహనరావు తెల్ల పైజమా కుర్తాలో నిలబడి బూందీ పొట్లాలు పంచుతున్నాడు. విజయనగరం వైపు మనిషి. నెహ్రూ నగర్‌లో మేడ. "మనూరోళ్ళకి పనివ్వడమే నా వ్రతం" అంటాడు. ఆ మాట నిజమే. మనూరోడైతే ఎదురు తిరగడని కూడా అతనికి తెలుసు. సింహాద్రిని ఊర్నుంచి రప్పించి అతని షెడ్డులో పెట్టించింది యర్రయ్యే.

"రావయ్యా యర్రయ్యా, ప్రసాదం తీసుకో. ఆ బురదేంటి?"

యర్రయ్య చెప్పులు విడిచి విగ్రహం ముందుకి వెళ్ళాడు. ఎర్రగుడ్డ మీద వరసగా ఉన్నాయి: గ్రైండర్లు, డ్రిల్లులు, పానాలు, సుత్తులు, వెల్డింగు హోల్డర్లు. అన్నిటికీ బొట్లు, అన్నిటి మీదా పువ్వులు. అతని చూపు ఆ వరస మీద ఈ కొస నుంచి ఆ కొసకి పోయింది. పనిలో వాడే ప్రతి వస్తువూ అక్కడుంది. కళ్ళకి పెట్టుకునే అద్దాలు ఒక్క జత లేవు. ఉంటే కదా పూజలో పెట్టడానికి.

వంగి, దణ్ణం పెట్టి, జాకీ ఎత్తుకున్నాడు.

బూందీ పంచే చెయ్యి ఆగింది. కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఏంటది? పెట్టు. అక్కడ పెట్టు" అన్నాడు రామమోహనరావు.

"సిమ్మాద్రి కన్ను పోతాది బావూ. డబ్బా దించాల."

"ఏడాదంతా షెడ్డు మీద పడుతుంది ఈ పాపం. పొద్దున్న నువ్వే కదయ్యా బొట్టు పెట్టావు. ఇంతమంది బతుకుతున్నారు దీని మీద. నీకు భయం లేదా?"

"ఉంది బావూ" అన్నాడు యర్రయ్య. జాకీని గుండెకి అదుముకున్నాడు. "నిన్న పొద్దుగూకినాక కూడా షట్టరు దించీసి ఆల్ల చేత గ్రైండర్లు కొట్టించినారు. మిషనుకి ఏడాదికొక్క రోజు ఛుట్టీ ఇచ్చినాం. ఆడి కంటికి అదీ లేదు."

"రేపట్నుంచి రావద్దు, విన్నావా?"

విన్నాడు. అడుగు ఆగలేదు. వెనకాల ఒకావిడ "ఏటీ అన్యాయం" అని గొణిగింది. అది ఎవరి గురించో యర్రయ్యకి అర్థం కాలేదు. తిరిగి చూసే ధైర్యం కూడా లేకపోయింది.

జాకీ మీద కుంకం చెమటకి కరిగి అతని ముంజేతి మీదకి కారింది. ఇరుసు పక్కన చట్రం కింద దాన్ని నిలబెట్టి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, చినబాబు పేరు తలుచుకుని తిప్పాడు. డబ్బా కిర్రుమంది. ఏమీ తెగలేదు.

దుంగలు లాగేసి, కాళ్ళు పైకి మడిచాడు. చక్రాన్ని మెల్లగా నేలకి దించాడు. రెండో వైపూ అంతే. వానకి ఎడమ పక్క నల్లమట్టి పేడలా మెత్తబడి ఉంది. ఆ చక్రం కింద వెడల్పు పలక వేసి, గుమ్మంలో నీళ్ళగ్లాసు పెట్టించి, నీటిమట్టం చూస్తూ సమం చేశాడు. చక్రాలకి ముందొకటి వెనకొకటి చెక్కలు దోపి రాతితో బిగగొట్టాడు. ఇక ముందుకీ వెనక్కీ దొర్లే మాట లేదు.

"ముక్కు పట్టండెహె" అన్నాడు వరసలో ఉన్న గ్రైండర్ వాళ్ళతో. ఇద్దరు ఒక కంటికి గుడ్డ కట్టుకునే వచ్చి పట్టారు. డబ్బా ముక్కుని కిందకి వంచించాడు. తోక లేచింది. అప్పుడు వెనక కాళ్ళు దించి దుంగల మీద ఆన్చాడు. "ఇప్పుడు ఎత్తండి." ముక్కు లేచేకొద్దీ వెనక కాళ్ళు నేలని కరిచాయి. ముందు కాళ్ళు ఆఖర్న. మోసేది చక్రాలు, పట్టుకునేది కాళ్ళు. ఎదురెదురు కాళ్ళకి గుణకారం గుర్తులా తాళ్ళు కట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టాడు. తాడు తీగలా బిగుసుకుంది. డబ్బాకి తగిలించి ఉన్న ఇనప మెట్టుని ఊడలాగి పారేసి, దూరంగా విడిగా దుంగలతో మెట్లు పేర్చాడు. ఎక్కేవాడి బరువు ఎక్కేదాకా డబ్బాకి తెలియకూడదు.

"నడువే" అన్నాడు.

అప్పలనర్సమ్మ స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి బల్ల మీద పెట్టి నడిచింది. నీళ్ళు వణికాయి గాని ఒలకలేదు. వెనక ఎడమ మూలకి వచ్చేసరికి ఒక్క చుక్క అంచు దాటింది.

"ఈ మూల. ఈ మూలే కూకుండిపోతంది."

అతను కిందకి దూరాడు. ఆ మూల దుంగ కింద మట్టి ఇంకా దిగుతోంది. పలకలు అయిపోయాయి. జాకీ తెచ్చి ఆ మూల చట్రం కింద పెట్టి, పిడి చేతిలో పట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు. మట్టి ఎంత దిగితే అంత తిప్పాలి. అంతకన్నా ఎక్కువ తిప్పితే ఎదురు మూల లేస్తుంది. ఇది కళ్ళతో తెలిసే పని కాదు. ఎడమ అరచెయ్యి చట్రం మీద, కుడిచెయ్యి పిడి మీద.

"పెట్టండమ్మా సూది" అని కేకేశాడు.

లోపల సడి ఆగింది. సింహాద్రి భార్య డబ్బాకి దూరంగా చెవులు మూసుకుని కూర్చుంది, ఏదో పెద్ద శబ్దం రాబోతున్నట్టు.

అప్పుడే మైకు ఆగిపోయింది. రామమోహనరావు గొంతు వినిపించింది. యర్రయ్యకి కిందనుంచి తెల్ల పైజమా అంచులు, పాలిష్ చెప్పులు, వాటి వెనక చాలా పాదాలు కనిపించాయి.

"ఏడీ వాడు? యర్రయ్యా, బయటికి రా. జాకీ పట్టుకుని రా. తెచ్చిన చేత్తోనే తిరిగి పెట్టి, దేవుడికి లెంపలేసుకుందువుగాని."

మట్టి వెంట్రుకంత దిగింది. యర్రయ్య వెంట్రుకంత తిప్పాడు.

"నీతోనే మాట్లాడేది. ఈ డబ్బాలో ఏం జరుగుతుందో నాకు తెలియదనుకున్నావా? ఎవడి షెడ్డులో ఎవడికి దెబ్బ తగిలిందని రాసుకుని లేబరాఫీసుకి మోస్తారు. రేపీపాటికి ఈ తుక్కు ఇక్కడుండదు." అంటూ అతను డబ్బా గోడ మీద చెయ్యి ఆన్చాడు.

ఆ చెయ్యి యర్రయ్య అరచేతికి తెలిసింది. పైన ఇనుము ఒక్కసారి ఒరిగింది. లోపల్నుంచి జ్ఞానప్రసూన గొంతు, చాలా నెమ్మదిగా: "ఎవరో ముట్టుకున్నారు. వద్దని చెప్పండి. నేను సూది బయటికి తియ్యలేను ఇప్పుడు."

యర్రయ్య అరవాలనుకున్నాడు, అరిస్తే చెయ్యి అదురుతుంది. పళ్ళు బిగబట్టి పిడి పట్టుకున్నాడు.

అప్పలనర్సమ్మ దుంగల మెట్ల మీంచి దిగలేదు, కదల్లేదు. నిలబడ్డచోటు నుంచే అంది.

"బావూ, నల్లగుడ్డులో సూదుంది. ఆ చెయ్యి అలగే ఉంచండి. మెల్లగా తియ్యండి. తోసీకండి, లాగీకండి."

రామమోహనరావుకి ఏం చెయ్యాలో తోచలేదు. ఆనించిన చెయ్యి తన శరీరంలోనే పరాయిదైపోయినట్టు దాని వైపు చూసుకున్నాడు. కళ్ళకి గుడ్డలు కట్టుకున్న వాళ్ళంతా అతన్నే చూస్తున్నారు, మిగిలిన ఒక్కొక్క కంటితో. అతని షెడ్డు వాళ్ళు కొందరు, పక్క షెడ్ల వాళ్ళు కొందరు. అతను ఒక్కొక్క వేలే ఎత్తాడు. చివరికి అరచెయ్యి ఎత్తి వెనక్కి అడుగు వేశాడు. ఆ ఖాళీలోకి గ్రైండర్ వాళ్ళు ఇద్దరు వచ్చి, డబ్బాకి వీపు తగలకుండా, అతని వైపు మొహం పెట్టి నిలబడ్డారు. తర్వాత ఇంకొకడు. తర్వాత బూందీ పొట్లం చేతిలో ఉన్న వెల్డరు. డబ్బా చుట్టూ మనుషుల కంచె అలా లేచింది.

"ఇదిగో, మీరంతా..." అని మొదలుపెట్టాడు రామమోహనరావు.

"శ్, భయ్యా" అన్నాడు వెల్డరు. యజమానిని అతను అలా పిలవడం అదే మొదటిసారి.

కింద యర్రయ్యకి ఇవేవీ కనబడలేదు. పాదాలు కనిపించాయి. మట్టి దిగుతోంది. తిప్పాడు. మోచెయ్యి మొద్దుబారింది. చెవి పక్కనుంచి చీమ ఏదో మెడ మీదకి పాకింది. తిప్పాడు. పైన ఎవరో ఊపిరి వదిలిన చప్పుడు రేకులోంచి వినబడింది.

"వచ్చేసింది" అంది జ్ఞానప్రసూన. "తుప్పు కూడా గీకాను. కదలకు సింహాద్రీ, కట్టు కట్టనీ. కట్టేముందు ఒక్కసారి కిటికీలోంచి చూడు. ఏం కనిపిస్తోంది?"

కిటికీ తెరుచుకుంది. యర్రయ్య చట్రం కిందనుంచి తల మాత్రం బయటికి పెట్టాడు. పైన ఒక మొహం, ఒక తెల్ల కన్ను, ఒక నీళ్ళు కారే ఎర్రటి కన్ను. ఆ ఎర్రకన్ను కిందకి తిరిగింది.

"పొగమంచులా ఉందమ్మా" అన్నాడు సింహాద్రి. తర్వాత, "మావా, మొకమంతా బురదేటి? పంది దొర్లినట్టున్నావు."

సింహాద్రి భార్య చెవుల మీంచి చేతులు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పలనర్సమ్మ గ్లాసులో నీళ్ళు గటగటా తాగేసింది.

"మచ్చ ఉంటుంది. చూపు కొంచెం తగ్గుతుంది" అంది డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి, అందరికీ వినబడేట్టు. "కానీ ఉంటుంది. ఇంకోసారి గ్రైండర్ పట్టుకుంటే అద్దాలు పెట్టుకునే. అద్దాలు ఇవ్వని షెడ్డుకి పోవద్దు." రామమోహనరావు అప్పటికే పందిరి వైపు నడుస్తున్నాడు. ఆ మాట అతని వీపుకి తగిలిందో లేదో తెలియదు. ఆ ఏడు అతని షెడ్డుకి అద్దాలు రాలేదు. యర్రయ్యకీ అందులో పని లేకపోయింది. సంఘం మాత్రం డబ్బా ఎక్కడికి పోయినా నిలబెట్టే పని అతనికే అప్పగించింది.

కానీ అవి తర్వాతి సంగతులు. అప్పుడు వరసలో ఉన్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

"తర్వాతవాళ్ళని ఎక్కించండి. ఒక్కొక్కరే" అంది జ్ఞానప్రసూన, చేతులు కడుక్కుంటూ. "యర్రయ్యగారూ, ఆ మూల ఇంకాసేపు పట్టుకోగలరా?"

యర్రయ్య మెడ మీద చీమని దులుపుకున్నాడు. కుంకం, గ్రీజు, బురద కలిసిన అరచెయ్యి లుంగీకి తుడుచుకుని మళ్ళీ చట్రం కిందకి దూరాడు.

"ఎక్కమను" అన్నాడు భార్యతో. "సూసి ఎక్కమను."